ఇంజనీరు బిడ్డలను మనం అడగని ప్రశ్నలు

(సోమశిలలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా యౌవనంలో ఈ సోమశిలలో ఇంజనీరు అంటే ప్రాజెక్టు జీపులోంచి దిగే దొర. పెన్నా ఆనకట్ట పనులపై వచ్చిన ఆ అధికారిని మన పెద్దలు దూరం నుంచే చూచేవారు. నేడు ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల ముస్లిం ఇళ్ల నుంచే ఇంజనీర్లు బయలుదేరుతున్నారు. 2007 నాటి 4 శాతం బి.సి.-ఇ రిజర్వేషన్, బోధనా రుసుముల చెల్లింపు లేకుంటే వారిలో ఎందరు కళాశాల గడప తొక్కేవారో!

అయితే ఉద్యోగం వచ్చిందనగానే మనం అడిగే ప్రశ్న ఒక్కటే: ప్యాకేజీ ఎంత? గత రంజాన్‌లో ఒక తల్లి మాతో, "ఇఫ్తార్ వేళకు ఖర్జూరం నోట్లో వేసుకుని నా కొడుకు మళ్లీ మీటింగులో కూర్చుంటాడు భాయ్‌సాబ్. రాత్రి ఒంటిగంటకు గాని గదికి పోడు. మానెయ్యమందామంటే ఇంటి అప్పు ఉందే" అన్నది. మా వద్ద వెంటనే జవాబు లేకపోయినది.

మేము ప్రభుత్వ గుమాస్తాలుగా పనిచేసినవారము. రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులు గంట ముందుగా ఇంటికి వెళ్లవచ్చునని ఉత్తర్వు వచ్చేది. సెలవుల లెక్క సర్వీసు రిజిస్టరులో ఉండేది. అడగటానికి ఎవరి దయా అక్కరలేదు. (ఫైలు కదలటానికి మాత్రం మా వంటివారి దయ కావలసివచ్చేదంటే కాదనము.)

కంపెనీలలో గాలి వేరు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టి అధిపతి సుబ్రహ్మణ్యన్ గారి 90 గంటల మాట బయటికి వచ్చినది. అదే ఏడు జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజు పని పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచటానికి ఆమోదం తెలిపినది. వారానికి 48 గంటల హద్దు కాగితం మీద నిలిచే ఉన్నది. దానిని గుర్తుచేసే ధైర్యం కొత్తగా చేరిన పిల్లవాడికి ఎక్కడిది?

ప్యాకేజీ సంగతే చూడండి. 6 లక్షలంటే నెలకు 50 వేలు చేతికి వస్తాయని లెక్కవేసి తండ్రి అప్పు చేస్తాడు. అందులో కంపెనీ కట్టే భవిష్యనిధి వాటా, గ్రాట్యుటీ, ఒక్కోసారి వైద్యబీమా ప్రీమియం కూడా కలిపి చూపుతారు. ఆ అప్పే తర్వాత బిడ్డ నోరు కట్టేస్తుంది.

భవిష్యనిధిలో నామినీ నమోదైనదా? సర్వీసులో ఉండగా చందాదారుడు మరణిస్తే, అల్లాహ్ కాపాడుగాక, కుటుంబానికి 7 లక్షల వరకు బీమా దాని ద్వారానే వస్తుంది. గ్రాట్యుటీకి సాధారణంగా 5 ఏళ్ల సర్వీసు కావలెను. నిర్ణీత కాలపు ఉద్యోగికి ఏడాదికే ఆ హక్కునిచ్చిన కొత్త కార్మిక కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినది. ఆడబిడ్డలకు మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల ప్రసూతి సెలవు ఉన్నది. కాన్పుకు ముందరి ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలును. ఇది తెలియక రాజీనామా చేసిన అమ్మాయిలను మేమెరుగుదుము.

అసలు సర్టిఫికెట్లు అప్పగించమంటే ఇవ్వవద్దు. చూపించి, నకళ్లిచ్చి రావలెను. జుమా నమాజుకు వెసులుబాటును చేరేనాడే మర్యాదగా అడిగి, మెయిల్‌లో తెప్పించుకోవలెను.

ఆ తల్లి మరునాడు కొడుకు నియామక పత్రం నకలు తెచ్చినది. కూర్చుని చదివాము. సెలవుల పేజీని ఆ అబ్బాయి కూడా ఏనాడూ తిప్పి చూడలేదట. మీ ఇళ్లలోని పత్రాలు కూడా ఆదివారం అసర్ నమాజు తర్వాత తీసుకురండి. అద్దాలు పెట్టుకుని మేము సిద్ధంగా ఉంటాము.