పిల్లల మనోధైర్యం: తల్లిదండ్రుల చేతిలోని అమానతు

సకల స్తోత్రాలూ సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

సోదర సోదరీమణులారా!

అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా ముందు మాకు మేమూ, ఆపై మీకూ హితవు చెప్పుకొంటున్నాము.

ఇంటర్మీడియట్ పరీక్షలు ముగిశాయి. ఎన్నో ఇండ్లలో ఫలితాల కోసం ఎదురుచూస్తున్నారు. ఈ రోజులు వచ్చినప్పుడల్లా 2019 ఏప్రిల్ నెల మనకు గుర్తుకు వస్తుంది. ఆ ఏడాది తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వెలువడిన తరువాత కొద్ది రోజులలోనే ఇరవై మందికి పైగా విద్యార్థులు తమ ప్రాణాలను తీసుకున్నారు. అవే ఫలితాలలో ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా మార్కులు పడ్డాయి. తిరిగి పరిశీలించినప్పుడు ఆమెకు నిజంగా వచ్చినవి 99 అని తేలింది. మనుషులు వేసిన మార్కులను మనుషులే దిద్దగలరు. పోయిన ప్రాణాన్ని తిరిగి తెచ్చే శక్తి ఏ మనిషికీ లేదు.

ఆ పిల్లల మనసులలో ఏమి జరిగిందో అల్లాహ్‌కే ఎరుక. కడుపుకోతతో ఉన్న ఆ తల్లిదండ్రులపై నింద మోపే హక్కు మనకు లేదు. మనం ప్రశ్నించుకోవలసింది మన ఇంటిని గురించి మాత్రమే. చెడు వార్త తెలిసిన మొదటి గంటలో మన బిడ్డ ఎవరి వద్దకు వెళ్తాడు? "అబ్బా, నేను ఫెయిలయ్యాను" అని మన ఎదుట నిలబడి చెప్పగలడా? లేక మన ముఖం చూడడానికే జంకుతాడా? దీనికి జవాబు ఆ ఒక్క గంటలో తయారు కాదు. అంతకుముందు పదహారు, పదిహేడు సంవత్సరాలు మనం అతనితో మెలగిన తీరులో తయారవుతుంది.

హజ్రత్ యూసుఫ్ (అ) బాల్యాన్ని గమనించండి. పదకొండు నక్షత్రాలు, సూర్యుడు, చంద్రుడు తనకు సాష్టాంగపడినట్లు కల వచ్చినప్పుడు ఆయన దానిని తండ్రికి చెప్పుకొన్నారు. హజ్రత్ యాఖూబ్ (అ) దానిని చిన్నపిల్లవాని మాట అని కొట్టివేయలేదు. ఆప్యాయంగా పిలిచి, రాబోయే ప్రమాదం గురించి హెచ్చరించి, అల్లాహ్ అనుగ్రహంపై ఆశ కలిగించారు. ఆ తరువాత యూసుఫ్ (అ) బావిలో పడవేయబడ్డారు, బానిసగా అమ్ముడుపోయారు, చెరసాలలో ఉన్నారు. ఎక్కడా అల్లాహ్‌పై ఆశ వదులుకోలేదు.

హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకొనేవాడు. అది చనిపోయి బాలుడు దిగులుగా ఉన్నప్పుడు దైవప్రవక్త (స) అతనిని పేరు పెట్టి పిలిచి, ఆ పిట్ట సంగతే ప్రేమగా అడిగారు. ఒక సమాజానికే నాయకులైన ఆయనకు ఒక పిట్ట కోసం బాధపడే పసివాని దుఃఖం అల్పంగా తోచలేదు. మరి మనమో! "ఇంతదానికే ఏడుపా?" అంటాము, "మగపిల్లవాడివై ఉండి!" అంటాము. చిన్న దుఃఖాన్ని మనం ఎగతాళి చేస్తే, పెద్ద దుఃఖాన్ని బిడ్డ మన నుండి దాచుకోవడం నేర్చుకుంటాడు.

అదే అనస్ (రజి) బాలుడిగా వచ్చి పదేళ్ళు దైవప్రవక్త (స) సేవలో ఉన్నారు. ఆ కాలమంతటిలో ప్రవక్త (స) తనను ఒక్కసారి కూడా ఛీత్కరించలేదని, ఇది ఎందుకు చేశావు, అది ఎందుకు చేయలేదు అని నిలదీయలేదని ఆయన చెప్పారు. మన ఇండ్లలో ఆ ప్రశ్నలు లేకుండా ఒక్క పూట గడుస్తుందా? వాటికి తోడు పెదనాన్న కొడుకుతో, పక్కింటి అమ్మాయితో పోలికలు కూడా చేరుతున్నాయి.

సోదరులారా! దీనర్థం పిల్లలను అదుపు లేకుండా వదలివేయమని కాదు. హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి తౌహీద్ బోధించారు, నమాజు స్థాపించమన్నారు, మంచిని ఆదేశించి చెడును నివారించమన్నారు. ఆపై, కష్టం కలిగితే సహనం వహించమన్నారు. జీవితంలో కష్టాలే రావని ఆయన కుమారునికి మాట ఇవ్వలేదు. కష్టాన్ని ఎదుర్కొనే సబ్ర్‌ను నేర్పారు. సబ్ర్ వినికిడితో వచ్చేది కాదు, అలవాటుతో వస్తుంది. కనుక పిల్లలకు చిన్న వయసు నుండే బాధ్యతలు అప్పగించండి. దుకాణానికి పంపి లెక్క చెప్పమనండి. బ్యాంకు ఫారం వారి చేతనే నింపించండి. మస్జిదులో ఇఫ్తార్ ఏర్పాట్లలో ఒక పని ఇవ్వండి. పొరపాటు జరిగితే దిద్దుకొనే అవకాశం కూడా వారికే ఇవ్వండి.

వారిని మాట్లాడనివ్వండి. ఒకసారి దైవప్రవక్త (స), ఆకులు రాలని, విశ్వాసిని పోలిన చెట్టు ఏదని సహచరులను అడిగారు. అది ఖర్జూర వృక్షమని పిన్నవయస్కుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) మనసుకు తోచింది. కాని పెద్దలు మౌనంగా ఉండడం చూసి సిగ్గుపడి ఊరుకున్నారు. తరువాత ఈ సంగతి తండ్రికి చెప్పినప్పుడు, నీవు ఆ జవాబు చెప్పి ఉంటే నాకెంతో ప్రియంగా ఉండేదని హజ్రత్ ఉమర్ (రజి) అన్నారు. పెద్దల సమక్షంలో తన కుమారుడు గొంతు విప్పాలని కోరుకున్న తండ్రి ఆయన. ఈ ప్రోత్సాహం కుమార్తెలకూ అంతే దక్కాలి. సంతానం మధ్య న్యాయం పాటించమన్నది దైవప్రవక్త (స) ఆదేశం.

ఇక ఈ వారం చేయవలసిన పని ఒకటి ఉంది. ఫలితాలు రాకముందే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని చెప్పండి: "మార్కులు ఏవి వచ్చినా ముందు నా దగ్గరికి రా. నీవు నా బిడ్డవు. తరువాత ఏమి చేయాలో కలిసి ఆలోచిద్దాం." తప్పిన వారికి కొద్ది వారాలలోనే సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయన్న సంగతి కూడా ముందే తెలియజేయండి. ఫలితాల నాడు ఇంటి వద్దనే ఉండండి, బంధువుల ఫోన్లకు జవాబు మీరే చెప్పండి.

బిడ్డ తిండి మాని మౌనంగా ఉండిపోతే, బ్రతికి లాభం లేదన్న మాట అంటే, అది ఈమాన్ లోపమని మందలించకండి. ఒంటరిగా విడువకండి. వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. వ్యాధికి చికిత్స చేయించుకోమని బోధించినవారు మన ప్రవక్త (స). ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఓ అల్లాహ్! మా సంతానాన్ని మా కన్నులకు చలువగా చేయి. వారికి ప్రయోజనకరమైన విద్యను, హిమ్మతును, సబ్ర్‌ను ప్రసాదించు. వారు నిస్సంకోచంగా మా వద్దకు రాగలిగేంత మృదుత్వాన్ని మా నాలుకలకు, మా హృదయాలకు అనుగ్రహించు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఓదార్పునివ్వు. ఆమీన్.