మనుష్యుని గుర్తించు యంత్రములు

(పట్టణ గ్రంథాలయమున జరిగిన యుపన్యాసము)



"వీడెవడు?" అను ప్రశ్న ప్రభుత్వమంత పురాతనమైనది. పన్ను గొనుటకు, కూలి యిచ్చుటకు, దొంగను బట్టుటకు, పింఛను చెల్లించుటకు ప్రతి ప్రభుత్వమును ఈ ప్రశ్న వేయవలసియే యున్నది. పూర్వము దీనికి ఊరి కరణము సమాధానము చెప్పెడివాడు, ఇరుగుపొరుగువారు సాక్ష్యమిచ్చెడివారు. నేడు ఆ పనిని యంత్రమునకు అప్పగించుచున్నారు. వ్రేలిముద్రయొక్కయు, కనుపాపయొక్కయు, ముఖముయొక్కయు చిత్రమును తీసి, దానినిబట్టి మనుష్యుని గుర్తించు విద్య రేషను దుకాణము మొదలు విమానాశ్రయము వరకు వ్యాపించినది. ఈ విద్య ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో తెలిసికొనుట పౌరునకు విధి. తెలియనివాడు దానికి వెరచును, లేదా దానిని దైవవాక్యముగా నమ్మును. ఈ రెండును స్వతంత్రుని లక్షణములు కావు.

ఈ విద్యకు మన దేశమే పుట్టినిల్లని చెప్పిన కొందరికి వింతగా తోచవచ్చును. సిపాయీల తిరుగుబాటునకు మరుసటి సంవత్సరము, అనగా 1858లో, వంగదేశమున జంగీపురమను చోట విలియం హెర్షెల్ అను ఆంగ్లోద్యోగి రోడ్డు సామగ్రి తెచ్చు ఒక గుత్తదారునిచే ఒడంబడిక పత్రముపై అరచేతి ముద్ర వేయించెను. సంతకము నాది కాదని బొంకవచ్చును గాని, చేయి నాది కాదనుట కష్టమని ఆయన తలంపు. 1877లో హుగ్లీయందు ఆయన ఈ పద్ధతిని దస్తావేజుల రిజిస్ట్రేషనునకును, ఖైదీలకును, పింఛనుదారులకును వర్తింపజేసెను. తొలినాటినుండియు ముద్ర నడుగువానికి అధికారమును, ఇచ్చువానిపై అనుమానమును ఉండుట గమనింపదగినది.

ఆ తరువాతి దశాబ్దమున పారిసు నగర పోలీసు శాఖయందు బెర్టిలాన్ అను నాతడు శరీరావయవముల కొలతలనుబట్టి నేరస్థులను గుర్తించు పద్ధతిని నెలకొల్పెను. కాని ఒక గుమాస్తా కొలత మరియొక గుమాస్తా కొలతతో సరిపడెడిది కాదు. వ్రేలిముద్రయందు ఆ చిక్కు తక్కువ. అయినను వేలకొలది ముద్రల కట్టలలో కావలసినదానిని వెదకుట యెట్లు? ఈ ముడి విప్పుటలో కలకత్తాయందు పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను ఇరువురు భారతీయ పోలీసు ఉద్యోగుల శ్రమ గొప్పది. వ్రేళ్లయందలి సుడులకు అంకెలు కట్టి, ముద్రలన్నిటిని 1,024 గదులుగా విభజించు పద్ధతి ఏర్పడినది. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. 1901లో లండనులోని స్కాట్లండు యార్డు ఆ పద్ధతిని స్వీకరించెను. కాని లోకమున దానికి పైయధికారియైన ఎడ్వర్డ్ హెన్రీ పేరే స్థిరపడినది. శ్రమ మనవారిది, పేరు దొరగారిది!

ఆ తొలిదినములలోనే ఒక న్యాయస్థానము మనము నేటికిని మరువరాని పాఠమును నేర్పినది. 1897లో జల్పాయిగురి ప్రాంతమున ఒక తేయాకు తోట మేనేజరు హత్య చేయబడెను. ఆయన సొత్తు అపహరింపబడెను. అచ్చట దొరకిన వంగభాషా పంచాంగముపై రక్తపు మరకలతో ఒక బొటనవ్రేలి ముద్ర కనబడెను. అది పూర్వము ఆయనయొద్ద పనిచేసి దొంగతనమునకు శిక్షపొందిన యొక సేవకుని ముద్రతో సరిపోయెను. 1898లో విచారణ జరిపిన న్యాయస్థానము అతనికి దొంగతనమునకు శిక్ష విధించెను గాని, హత్యానేరము స్థిరపరచుటకు అంగీకరింపలేదు. ముద్ర అతడా వస్తువును తాకెనని చెప్పినది, చంపెనని చెప్పలేదు. పరాయి ప్రభుత్వపు న్యాయస్థానము సయితము ఈ భేదమును పాటించినది. చిత్రము మనుష్యుడెవడో చెప్పవచ్చును; వాడేమి చేసెనో చెప్పుటకు వేరు సాక్ష్యము కావలయును.

ఇక ముద్రయందలి బలవంతమునకు వ్యతిరేకముగా జరిగిన మహోద్యమము. 1906లో దక్షిణాఫ్రికాలోని ట్రాన్సువాలు ప్రభుత్వము భారతీయులందరు పది వ్రేళ్ల ముద్రలిచ్చి పత్రములు పొందవలెనని శాసనము తలపెట్టెను. గాంధీమహాత్ముడు హెన్రీ గ్రంథమును చదివి, చట్టము పది వ్రేళ్ల ముద్రలను నేరస్థులయొద్దనే కోరునని గ్రహించెను. ఆ యేడు సెప్టెంబరు 11వ తేదీని జోహానెస్‌బర్గులో కూడిన సభ ఆ శాసనమునకు లోబడమని ప్రతిజ్ఞ చేసెను. సత్యాగ్రహము అచ్చట జన్మించినది. 1908 ఆరంభమున రాజీ కుదిరినప్పుడు అదే మహాత్ముడు స్వచ్ఛందముగా తన వ్రేలిముద్రల నిచ్చెను. అందులకు స్వజనులలో కొందరు ఆగ్రహించిరి. శాసనము రద్దు కాకపోగా, ఆగస్టు 16వ తేదీని రెండు వేలకు పైగా పత్రములను భారతీయులు దహించిరి. ఆయన ద్వేషించినది సిరాను గాదు, బలాత్కారమును. తానుగా ఇచ్చిన ముద్రకును, బలవంతముగా గుంజుకొన్న ముద్రకును గల యంతరము ఆ పోరాటమునందు స్పష్టముగా తేలినది.

మన తెలుగుసీమయును ఈ బాధ నెరుగును. నేరస్థజాతుల చట్టము క్రింద కొన్ని కులముల ప్రజలు పుట్టుకతోనే నేరస్థులుగా ఎంచబడిరి. 1911 చట్టము చెన్నరాజధానికిని వర్తించెను. జాబితాలకెక్కినవారి వ్రేలిముద్రలు తీయుటకు, వారిని సెటిల్మెంట్లలో నుంచుటకు అది అధికారులకు వీలు కల్పించెను. గుంటూరు సీమయందలి స్టూవర్టుపురము అట్టి సెటిల్మెంటే. ఎరుకల కుటుంబములెన్నో అచ్చట కావలిలో బ్రతికినవి. చెన్నరాజధానిలో 1947లోను, దేశమంతటను 1952లోను ఆ చట్టము రద్దయ్యెను. మనుష్యుని గుర్తించుట యొకటి. గుర్తించి ముద్ర వేయుట వేరొకటి. మొదటిది రెండవదానిగా మారుటకు యంత్రమక్కరలేదు, చట్టము చాలును.

ఇప్పుడు ఈ యంత్రముల మర్మమును కొంచెము పరిశీలింతము. యంత్రము మనవలె ముఖమును "చూడదు". చిత్రమును అంకెల వరుసగా మార్చి, ఆ వరుసను దాచిన వరుసతో పోల్చును. కేంబ్రిడ్జి ఆచార్యుడు జాన్ డాగ్మన్ 1993లో ప్రకటించిన కనుపాప పద్ధతి ఇందుకు చక్కని యుదాహరణము. కనుపాపయందలి చారలను ఆయన 2,048 సున్నలు, ఒకట్లుగా వ్రాయించెను. రెండు వేర్వేరు కన్నులను పోల్చినచో ఇంచుమించు సగము స్థానములలో భేదముండును. ఒకే కంటిని రెండుసారులు తీసిన చిత్రములలో భేదము అంతకన్న మిక్కిలి తక్కువ. ఎంతవరకు భేదమున్నను ఒకరే యనుకొనవలెనో ఆ యవధిని నిర్ణయించువాడు మనుష్యుడు. అవధిని సడలించిన పరాయివాడు మనవాడని తేలును. బిగించిన మనవాడే పరాయివాడని తేలును. ఈ రెండు తప్పులను ఒక్కసారిగా రూపుమాపిన పద్ధతి లోకమున లేదు.

మరియొక భేదము గలదు. "ఇతడు తాను చెప్పుకొన్నవాడేనా?" యని యొక్కని ముద్రతో పోల్చుట యొక ప్రశ్న, "ఇతడెవడు?" అని లక్షలమంది చిత్రములలో వెదకుట వేరొక ప్రశ్న. లెక్క వేసి చూడుడు. వేయి పోలికలలో ఒక్కటి మాత్రమే తప్పు చేయు యంత్రమున్నదనుకొందము. ఒక్కనితో పోల్చునప్పుడు అది మిక్కిలి నమ్మదగినదిగా తోచును. పది లక్షల ముఖములలో వెదకినచో అదే యంత్రము వేయిమంది నిరపరాధులను వ్రేలెత్తి చూపును!

ముఖముల విషయమున పరిశోధన 1964 ప్రాంతమున అమెరికాలో వుడ్రో బ్లెడ్సో చేతిమీదుగా ఆరంభమైనది. అప్పుడు కన్ను, ముక్కు, నోరు ఉన్న స్థానములను మనుష్యుడు గుర్తించి యీయగా, యంత్రము దూరములను గణించెడిది. 1973లో క్యోటోయందు తకేవో కనాడే మనుష్యుని సాయము లేకయే ఆ స్థానములను కనుగొను పద్ధతిని చూపెను. 1991లో టర్క్, పెంట్లాండు అను వారు ముఖమంతటిని గణితముచే సంక్షేపించి పోల్చిరి. 2014లో ఫేస్‌బుక్ సంస్థవారు 4,030 మందికి చెందిన 44 లక్షల చిత్రములతో శిక్షణ మిచ్చిన యంత్రము, ఒక ప్రసిద్ధ పరీక్షయందు నూటికి 97.35 వంతులు సరియైన యుత్తరములిచ్చెను. ఈ ప్రగతి ఆశ్చర్యకరము. దానిని కాదనువాడు అజ్ఞాని.

కాని యంత్రము ఎవరి ముఖములు చూచి నేర్చినదో వారినే బాగుగ నెరుగును. 2018లో జాయ్ బువొలామ్విని, టిమ్నిట్ గెబ్రు అను పరిశోధకురాండ్రు స్త్రీయో పురుషుడో చెప్పు మూడు యంత్రములను పరీక్షించిరి. తెల్లని పురుషుల విషయమున వాని తప్పు నూటికి 0.8 దాటలేదు, నల్లని స్త్రీల విషయమున ఒక యంత్రపు తప్పు 34.7 వరకు పోయెను. 2019లో అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థ 189 గణనపద్ధతులను పరీక్షించెను. వానిలో పెక్కింటియందు, ఒక్కనితో నొక్కని పోల్చునప్పుడు, ఒకరిని మరియొకరుగా పొరబడుట తెల్లవారికంటె ఆసియావాసులలోను, ఆఫ్రికా సంతతి అమెరికనులలోను పది మొదలు నూరు రెట్ల వరకు అధికమని తేలెను. చైనాలో తయారైన కొన్ని పద్ధతులలో తూర్పు ఆసియా ముఖములకు ఆ దోషము కనబడలేదు. దోషము చర్మమున లేదు, శిక్షణయం దున్నదనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

ఈ దోషము కాగితముపైననే నిలువదు. డెట్రాయిటు పోలీసులు దుకాణమున జరిగిన యొక దొంగతనమును విచారించుచు, మసకచిత్రమును యంత్రమునకు చూపగా, అది ఒక నల్లజాతి గృహస్థుని పేరు చెప్పెను. 2020 జనవరిలో ఆతనిని భార్యాబిడ్డల యెదుటనే సంకెల వేసి కొనిపోయిరి. ముప్పది గంటల సేపు నిర్బంధించిరి. ఆతడు నిర్దోషి. 2024లో కుదిరిన పరిష్కారము ప్రకారము, కేవలము యంత్రము చెప్పిన పోలికనుబట్టి ఆ నగర పోలీసులు ఎవరిని నిర్బంధింపరాదు. జల్పాయిగురి న్యాయస్థానము 1898లో చెప్పిన మాటను డెట్రాయిటు 126 సంవత్సరములకు నేర్చుకొన్నది.

ఇక మన యింటి సంగతి. 2010 సెప్టెంబరులో మహారాష్ట్రమందలి టెంభ్లి గ్రామమున తొలి ఆధార్ సంఖ్య నిచ్చిరి. నేడు నూరు కోట్లకు మించిన జనుల పది వ్రేళ్లును, రెండు కనుపాపలును, ముఖమును ఒక్కచోట నిలువ చేయబడినవి. దొంగ పేర్లతో పేదల బియ్యము కాజేయువారిని అరికట్టవలె ననుట న్యాయమైన కోరిక. కాని నారు నాటి, కలుపు తీసి, రాళ్లు కొట్టి వ్రేళ్ల రేఖలరిగిన కూలివాని ముద్ర యంత్రమున కందదు. ఇచ్చట యంత్రపు తప్పు దొంగను విడుచుట గాదు, ఆకలిగొన్నవానిని త్రిప్పిపంపుట. యంత్రమున తప్పు, కడుపున శిక్ష!

మన సర్వోన్నత న్యాయస్థానము 2017 ఆగస్టు 24వ తేదీని తొమ్మండుగురు న్యాయమూర్తుల యేకాభిప్రాయముతో, ఆంతరంగిక జీవనము రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కేయని ప్రకటించెను. 2018 సెప్టెంబరు 26వ తేదీని ఆధార్ పద్ధతిని షరతులతో సమర్థించుచు, గుర్తింపు విఫలమైనంతమాత్రమున అర్హునికి లబ్ధి నిరాకరింపరాదని చెప్పెను. పిదప ఏమి జరిగినది? 2020 జనవరిలో తెలంగాణమందలి కొంపల్లి పురపాలక సంఘపు ఎన్నికలలో కొన్ని పోలింగు కేంద్రములయందు ఓటరులను ముఖముచే గుర్తించు ప్రయోగము చేసిరి. 2022 చట్టము నిర్బంధితుల కనుపాపలు, ముద్రలు, ఛాయాచిత్రములు 75 సంవత్సరములు దాచుటకు వీలిచ్చినది. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, ప్రభుత్వ సంస్థలను ప్రకటన మాత్రమున తప్పించు అధికారమును కేంద్ర ప్రభుత్వమున కొసగినది. వాకిటికి గొళ్లెము పెట్టి, తాళపుచెవి యింటి యజమానికి గాక కావలివానికి ఇచ్చినట్లున్నది.

అయిన మనము చేయదగినదేమి? యంత్రములను పగులగొట్టుడని నేను చెప్పను. మూడు న్యాయములను కోరుదము. మొదటిది: ముఖమును దారిలో పట్టి వెదకు యంత్రమును ఏ యధికారియు స్పష్టమైన చట్టము లేక ఉపయోగింపరాదు. రెండవది: ప్రజాధనముతో కొను ప్రతి యంత్రమును మన ప్రజల ముఖములపైనను, మన కూలీల వ్రేళ్లపైనను పరీక్షించి, దాని తప్పుల లెక్కను కొనుటకు ముందే ప్రకటింపవలెను. మూడవది: యంత్రము కాదన్నచోట మనుష్యుడు విచారించి, ఆ దినమే, ఆ దుకాణముననే పరిష్కరింపవలెను; యంత్రము అవునన్నంతమాత్రమున ఎవనికిని సంకెల పడరాదు.

ఈ పఠనమందిరమునకు వచ్చు మీరు చదువుకొన్నవారు. ముద్ర పడక రేషను దుకాణమునుండి రిక్తహస్తములతో తిరిగి వచ్చు వృద్ధురాలు చదువుకొన్నది కాదు. ఆమెకు న్యాయస్థానపు మాట తెలియదు, మీకు తెలిసినది. ఆమె వెంట దుకాణమునకు నడచి, ఆ మాటను దుకాణదారునకు, తహసీలుదారునకు వినిపింపుడు. వినకున్న వ్రాసి పంపి, రసీదు గైకొనుడు. అది మీ విధియని మనవి చేసి విరమించుచున్నాను.