యువకుల రాజకీయాభిప్రాయములు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల యువకులు నేడు రాజకీయములను రచ్చబండపై కంటె సెల్‌ఫోనులోనే ఎక్కువగా చర్చించుచున్నారు. చెఱువు శిఖము మొదలు శాసనసభ వఱకు వారు వ్రాయని విషయము లేదు. “చదువుకొను పిల్లలకు రాజకీయము లెందుకు?” అని పెద్దలు గద్దించుచున్నారు. ఈ మాట నాకు సమ్మతము కాదు. 1989లో మన దేశము ఓటు వయస్సును 21 నుండి 18 ఏండ్లకు తగ్గించినది. ఓటు వేయదగినవాడు అభిప్రాయము చెప్పదగడా?

2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక ఫేస్‌బుక్ వ్యాఖ్య కారణముగా ఇద్దరు యువతులను పోలీసులు నిర్బంధించిరి. అది చూచి శ్రేయా సింఘాల్ అను యువతి సుప్రీంకోర్టు నాశ్రయించెను. 2015 మార్చి 24న ఆ న్యాయస్థానము సమాచార సాంకేతిక చట్టములోని 66-ఎ సెక్షనును కొట్టివేసినది. హింసకు పురికొల్పు మాటలకు వేఱు చట్టములు కలవు. ఒకరికి రుచింపనంత మాత్రమున మాట నేరము కాదు.

అయితే చెప్పు హక్కు కలదు గనుక చెప్పినదెల్ల నిజమగునా? నా తప్పునే చెప్పెదను. 2023 శాసనసభ ఎన్నికలలో ఒక నాయకుని ప్రసంగఖండమును వాట్సాప్‌లో పలువురికి పంపితిని. ఈ గ్రంథాలయమునకు నిత్యము వచ్చు విద్యార్థి యొకడు, “తాతా, ఇది ముందువెనుకలు కోసిన ముక్క” అని పూర్తి ప్రసంగము వినిపించెను. అర్థము తలక్రిందులైనది. నేను చెఱిపివేసితిని గాని, అప్పటికే అది చేయి దాటిపోయినది. ఆనాడు గద్దింపదగినవాడను నేనే.

సురవరం ప్రతాపరెడ్డిగారి మార్గము మనకు తెలియనిది కాదు. నిజాము రాష్ట్రములో తెలుగు కవులు లేరని ఒకరు వ్రాయగా, వారు వాదముతోనే తృప్తిపడక, పద్యములు సేకరించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించిరి. ఆ సంచికయే సమాధానమైనది.

యువకులారా! చెఱువు శిఖము ఆక్రమింపబడినచో తప్పక వ్రాయుడు. సర్వే నంబరును, ఫోటో తీసిన తేదీని జతచేయుడు. నాయకుని విమర్శింపుడు; ఆయన మాటను మొత్తము విని విమర్శింపుడు. పెద్దలారా! పిల్లల నోరు నొక్కకుడు. వారి ప్రక్కన కూర్చుండి చదువుడు.

ఇందుకై ప్రతి ఆదివారము సాయంకాలము ఈ పఠనమందిరములో ఒక బల్లను కేటాయింపుడు. వచ్చిన వార్తలో నిజమెంతయో పిల్లలును పెద్దలును కలిసి పరిశీలింతము. ఈ రజతోత్సవ వేళ గ్రంథాలయ సంఘమును నేను కోరునది ఇదొక్కటే. సెలవు.