సైకిలు తొక్కే ఆడపిల్లలకు సుఖమైన దుస్తులు

మన హోసూరు, డెంకణికోట, బాగలూరు ప్రాంతాల్లో పొద్దున్నే రోడ్డు మీద నిలబడితే బడికి పోయే ఆడపిల్లల సైకిళ్లు వరుసగా కనిపిస్తాయి. ఒక తరం కిందట ఈ దృశ్యం అరుదు. 1991-92లో పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది పల్లెటూరి స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. 2005 తర్వాత తమిళనాడు ప్రభుత్వం పదకొండో తరగతి చదివే పిల్లలకు ఉచితంగా సైకిళ్లు ఇవ్వసాగింది. సైకిలైతే వచ్చింది. దాని మీద సుఖంగా కూర్చోవడం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈనాటి నా ప్రసంగం దాని గురించే.

బరువంతా ఎక్కడ పడుతుందో ముందు చూద్దాం. సైకిలు సీటు మీద మన భారాన్ని మోసేవి పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకలు. సాధారణంగా ఆడవాళ్లలో ఈ ఎముకల మధ్య ఎడం మగవాళ్ల కంటే కాస్త ఎక్కువ. సీటు ఇరుకైనదైతే ఎముకలు దాని మీద ఆనవు. భారమంతా మధ్యనున్న మెత్తని భాగం మీద పడుతుంది. దానికి చెమట, బట్ట కుట్టు తోడైతే చర్మం ఒరుసుకుపోతుంది, మంట పుడుతుంది, ఒక్కోసారి తిమ్మిరెక్కుతుంది. మనం రోజూ వేసుకునే సల్వారును ఒకసారి తిరగేసి చూడండి. కుట్లన్నీ వచ్చి కలిసేది సరిగ్గా ఆ చోటే. జీన్సు ప్యాంటు అయితే ఆ కుట్టు మరీ మందం.

ఈ బాధకు విరుగుడుగా వచ్చినవే మెత్త కుట్టిన సైకిలు టైట్స్. చూడటానికి కాలేజీ పిల్లలు వేసుకునే లెగ్గింగ్స్ లాగే చీలమండల దాకా ఉంటాయి. మీద పొడుగు కమీజు వేసుకుంటే తేడా తెలియదు. లోపల, కూర్చునే చోట, ఒక మెత్త ఉంటుంది. పూర్వం దాన్ని షామీ అనే కొండమేక జాతి జంతువు తోలుతో చేసేవారు. ఉతికితే ఆ తోలు అట్టలా బిగుసుకుపోయేది. ఇప్పుడు స్పాంజి వంటి పదార్థం మీద చెమట పీల్చే బట్ట వేసి చేస్తున్నారు.

కొనేటప్పుడు చాలామంది చేసే పని, మెత్త ఎంత మందంగా ఉందో వేలితో నొక్కి చూడటం. మందం ఎక్కువైతే సుఖం ఎక్కువని అనుకుంటాం. కానీ మరీ మందమైన మెత్త చిన్న దిండులా ముడుచుకుని, కాపాడవలసిన చోటనే నొక్కుతుంది. చూడవలసింది కొలత. మగవాళ్ల కోసం కుట్టినది ఆడవాళ్లకు సరిపడదు. స్త్రీల మెత్త వెనుక వెడల్పుగా ఉండాలి, నడిమధ్య కుట్టు ఉండకూడదు. వేసుకున్నాక మెత్త ఒంటికి అంటుకుని ఉండాలి, నడిస్తే జారకూడదు. నడుము పట్టీ వంగినప్పుడు పొట్టలోకి కోసుకోకూడదు. తొడల దగ్గర బట్ట ముడతలు పడితే అది వదులు, కుట్లు విచ్చుకుంటున్నట్లుంటే బిగువు. అద్దం ముందు నిలబడి తేల్చుకోకండి. సైకిలు మీద కూర్చున్నట్లు ముందుకు వంగి, మోకాళ్లు మడిచి చూడండి. నిలబడినప్పుడు కాస్త ఇబ్బందిగా ఉన్నా వంగినప్పుడు హాయిగా ఉంటే అదే మీ కొలత.

ఇంకొక సంగతి. ఈ టైట్స్ కింద లోదుస్తు వేసుకోరు. వేసుకుంటే దాని అంచులే ఒరుసుకుంటాయి, మెత్త చేసే మేలు పోతుంది. నెలసరి రోజుల్లో మాత్రం అవసరం కాబట్టి, అంచు కుట్లు పలుచగా ఉండేది ఎంచుకోవాలి. తొక్కి వచ్చాక ఆ చెమట బట్టతోనే ఇంటిపని చేసుకుంటూ ఉండిపోకూడదు. వెంటనే మార్చుకుని, అదే రోజు ఉతకాలి. తిరగేసి, గాలి ఆడే చోట, మెత్త లోపలి దాకా ఆరనివ్వాలి. తడి మిగిలితే దురద, పుండ్లు మొదలవుతాయి.

అయితే మూడు నాలుగు కిలోమీటర్లు బడికి పోయే పిల్లకు ఇవి తప్పనిసరి అని నేను అనను. దూరాలు తొక్కేవారికి, పోటీలకు సాధన చేసేవారికి ఇవి అవసరం. బడిపిల్లకు ముందు కావలసింది సీటు సరిచేయడం. పెడలు అడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సీటు ముందు కొన పైకి లేచి ఉండకూడదు. సల్వారు లోపల, మధ్యలో మందపు కుట్టు లేని, ఒంటికి పట్టి ఉండే నూలు నిక్కరు వేసుకుంటే చాలావరకు ఒరిపిడి తగ్గుతుంది. మీ వీధి దర్జీకి చెప్పినా కుట్టి ఇస్తాడు. చున్నీ చక్రంలో పడకుండా ముడివేసుకోవడం మరువవద్దు.

ఆడవాళ్ల సైకిలు దుస్తుల మీద తగవు మనతో మొదలైంది కాదు. 1898లో ఇంగ్లండులో లేడీ హార్బర్టన్ అనే ఆవిడ గౌనుకు బదులు వదులు నిక్కరు తొడుక్కుని సైకిలు మీద వెళితే, ఒక హోటలు వారు ఆమెను భోజనశాలలోకి రానివ్వలేదు. వ్యవహారం కోర్టుకెక్కింది. 1899లో తీర్పు హోటలు పక్షానే వచ్చింది. ఆ తీర్పు వల్ల ఆడవాళ్లు సైకిలు దిగిపోలేదు. దిగిపోయిందల్లా ఆ పొడుగు గౌనే.

తల్లులకు, తండ్రులకు ఒక్క మనవి. ఆడపిల్ల ఉన్నట్టుండి సైకిలు వద్దంటే సోమరితనం అనుకోకండి, పెద్దదయింది కదా అని మీరే మాన్పించకండి. కూర్చుంటే నొప్పిగా ఉందేమో అమ్మ మెల్లగా అడగాలి. ఈ మాట పిల్ల తనంతట తాను చెప్పలేదు. చెప్పలేక సైకిలు మానేస్తుంది. బస్సు లేని ఊళ్లో సైకిలు మానడమంటే బడి మానడమే. ఒక కుట్టు మార్చడం, ఒక సీటు దించడం ఆ చదువును నిలబెడుతుంది.