రహన్ ఇల్లు: కిరాయి లేని కాపురమేనా?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియం పంతుళ్ళము. తెలుగులోనే మాట్లాడాలని కార్యదర్శిగారు ఆజ్ఞ ఇచ్చినారు. మన పిల్లలు చాలామంది ఇప్పుడు తెలుగే చదువుతున్నారు కనుక అదీ న్యాయమే. మధ్యలో ఉర్దూ దొర్లితే మన్నించగలరు.

సొంత ఇల్లు లేనివాడు కిరాయి కట్టకుండా ఎట్లా బతకవచ్చును? మన స్టేషన్ ఘన్‌పూర్ వంటి ఊళ్ళో దీనికి తోవలు లేకపోలేదు. మసీదు హుజ్రాలో ఉండే మౌజన్ సాబ్ కిరాయి కట్టడు, అయిదు పూటల అజానే ఆయన కిరాయి. హైదరాబాదులో స్థిరపడినవారి ఇండ్లలో కాపలాకు ఉండే కుటుంబాలున్నవి. వాకిలి ఊడ్చి దీపం పెట్టుటే వారి కిరాయి. ఇల్లరికపు అల్లుళ్ళ సంగతి చెప్పము, ఈ సభలోనే ఇద్దరు ముగ్గురు కనబడుతున్నారు. (నవ్వులు)

కాని మనవాళ్ళు ఎక్కువ ఆశపడే తోవ రహన్. ఇంటి మాలిక్‌కు ఒక్కసారే పెద్ద పైకం ఇచ్చి, రెండేండ్లో మూడేండ్లో ఆ ఇంట్లో ఉండి, గడువు తీరినాక ఇల్లు ఖాళీ చేసి పైకమంతా తిరిగి తీసుకొనుట. ఇంటికి కిరాయి లేదు, పైకానికి మిత్తి లేదు. పాతబస్తీలో దీన్ని రహన్ అనే అంటారు. కోస్తావారు భోగ్యం తాకట్టు అంటారు. బెంగుళూరులో భోగ్య అనీ, లీజు అనీ అంటారు. దక్షిణ కొరియాలో కూడా జాన్సే అని ఇట్లాంటి పద్ధతే ఉంది. ఇంటి ధరలో సగానికి పైగా పైకం మాలిక్ చేతిలో పెట్టి, సాధారణంగా రెండేండ్లు ఉంటారు. అక్కడ 2022, 2023లో ఇండ్ల ధరలు పడిపోయి, మాలికులు పైకం తిరిగి ఇవ్వలేక, కొందరు మోసం చేసి, వేలమంది రోడ్డున పడ్డారు. కొందరు పడుచువాళ్ళు ప్రాణాలే తీసుకున్నారు. 2023 జూన్‌లో ప్రత్యేక చట్టం తెచ్చినారు. అంత ధనిక దేశంలోనే ఇట్లా అయితే మన సంగతి ఆలోచించండి.

ఇక తరగతిలో పిల్లలకు చెప్పినట్టు ఒక లెక్క చెబుతాము. మూడు లక్షల రహన్. అదే ఇల్లు కిరాయికిస్తే నెలకు మూడు వేలు వచ్చుననుకోండి. మూడు లక్షల మీద నెలకు మూడు వేలంటే ఎంతైనట్టు? నూటికి రూపాయి మిత్తి! ఊళ్ళో ఎవరైనా నూటికి రూపాయి తీసుకుంటే "సూద్ తింటున్నాడు" అని మనం మొహం తిప్పుకుంటాము. అదే మిత్తిని ఇంటి రూపంలో తీసుకుంటే "కిరాయి తప్పింది, అల్హందులిల్లా" అంటాము. ఇచ్చేవాడు ఎవరు? బిడ్డ పెండ్లికో, దవాఖాన ఖర్చుకో చేతులు చాపినవాడు. అక్కర తీరకనే కదా ఇల్లు విడిచి చిన్న గదిలోకి పోతాడు.

మేము ముఫ్తీలము కాము. అప్పుకు తాకట్టు పెట్టుకొనుటలో తప్పు లేదు, అది ఖురాన్‌లోనే ఉన్నది. తాకట్టు వస్తువును ఊరకే వాడుకొనుట దగ్గరే చిక్కు. చాలామంది ఉలమాలు దానిని వడ్డీ కిందనే కట్టినారు. ఈ ఇబ్బంది కొత్తది కాదు. వెనకటికి బుఖారాలో ఇదే అవసరం వచ్చి "బై బిల్ వఫా" అని, సొమ్ము తిరిగి ఇస్తే ఆస్తి తిరిగి ఇచ్చే అమ్మకం పుట్టింది. దాని మీదా వాదాలు జరిగినవి.

అయితే తోవ లేదా? ఉన్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షనులో స్వాధీన తనఖా అని మన రహన్ ఉన్నది. ఇంటి మీద వచ్చే ఆదాయాన్ని మిత్తి కింద కట్టుకోవచ్చును, లేదా అసలులోనే కోత పెట్టవచ్చును అని చట్టమే చెబుతున్నది. రెండవదే మనకు కావలసినది. నెలకు మూడు వేలు అసలులో కోసుకుంటూ పోతే మూడేండ్లకు 1,08,000 తగ్గి, మాలిక్ 1,92,000 ఇస్తే చాలు. "అట్లయితే మాకేం లాభం పంతులుగారూ, కిరాయి కట్టినట్టే కదా" అని అడుగుతారు. కట్టినట్టే. నెలనెలా తడుముకునే పని లేదు, గడువు దాకా ఎవరూ లేవగొట్టరు, మిగిలిన పైకం మనది. కోత ఎంత ఉండాలో మన ఉలమాలను అడిగి రాసుకుందాము.

కాగితం సంగతి ఇంకా ముఖ్యం. మా ఎరుకలో ఒక కుటుంబం ఉన్నది. కొడుకు గల్ఫు నుంచి పంపినది, తల్లి జేవర్ అమ్మినది కలిపి రహన్ ఇచ్చినారు. స్టాంపు కాగితం రాసి నోటరీ ముద్ర వేయించినారు, రిజిస్ట్రేషన్ లేదు. రెండో ఏట గోడకు బ్యాంకు నోటీసు అంటింది. మాలిక్ అంతకుముందే ఆ ఇంటి మీద అప్పు తెచ్చినాడట. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు కోర్టుకు పోకుండానే ఇల్లు స్వాధీనం చేసుకోగలదు. మాలిక్ ఊళ్ళో లేడు. ఆ తల్లి ఇప్పుడు కూతురింట ఉంటున్నది.

నూరు రూపాయలు గాని అంతకు మించి గాని ఉన్న స్వాధీన తనఖాకు రిజిస్టరు దస్తావేజు, ఇద్దరు గవాల దస్తకతులు ఉండవలెనని 59వ సెక్షను. స్టాంపు ఖర్చుకు వెనుకాడి మూడు లక్షలు గాలిలో పెడుతున్నాము. పైకం ఇచ్చే ముందు ఈసీ తీయండి. అసలు దస్తావేజు కండ్లతో చూడండి. జిరాక్సే చూపితే అసలు ఏ బ్యాంకులో ఉన్నదో అడగండి. పాత దస్తావేజులలో వరంగల్ జిల్లా అని ఉంటుంది, 2016 అక్టోబరు నుంచి మనది జనగామ జిల్లా, దానికి బెదరవద్దు. ఆబాదీలోని పాత ఇండ్లకు కొన్నిటికి పన్ను రసీదు తప్ప ఏమీ ఉండదు. అటువంటి ఇంటికి పెద్ద పైకం ఇవ్వకండి, నెల కిరాయే మేలు. జేవర్ అమ్మిన పైకమైతే దస్తావేజు ఆ ఆడమనిషి పేరనే రాయించండి. ఈ మాటకు ఇక్కడి మగవాళ్ళు కొందరు కోప్పడతారు, పడనీయండి.

మాలికులకూ ఒక మాట. రహన్ ఎన్నేండ్లయినా రహనే. ముప్పై ఏండ్లు దాటినది, ఇల్లు ఇక మాదే అనేవాళ్ళున్నారు. స్వాధీన తనఖాలో కేవలం కాలం గడిచినంత మాత్రాన హక్కు పోదని 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. పైకం చెల్లించి ఇల్లు విడిపించుకోవచ్చును.

సొసైటీవారికి మా మనవి ఒకటే. అసలులో కోత పెట్టే రహన్‌నామా నమూనా తెలుగులోను, ఉర్దూలోను ఒక వకీలు చేత రాయించి ఆఫీసులో ఉంచండి. ప్రతి ఆదివారం జొహర్ నమాజు తరువాత మేమూ, మరిద్దరు పంతుళ్ళూ అక్కడ కూర్చుంటాము. రహన్ తీసుకోబోయేవారు, ఇవ్వబోయేవారు కాగితాలు తీసుకొని రండి, చదివి చెబుతాము. బయానా ఇవ్వకముందే రండి.