హైదరాబాద్ వస్తున్నారా? ఫోన్‌లో చలి వేరు, పటాన్‌చెరులో చలి వేరు

కిందటి ఎపిసోడ్‌లో ఇస్నాపూర్, బీరంగూడ వైపు రూము ఎలా వెతుక్కోవాలో మాట్లాడుకున్నాం. ఆ తర్వాత చాలామంది ఒకటే అడిగారు. "హైదరాబాద్ వస్తున్నాం, అక్కడ వాతావరణం ఎలా ఉంటుంది, ఏం బట్టలు తెచ్చుకోవాలి" అని. దీనికో వీడియో ఎందుకు, ఫోన్‌లో చూసుకుంటే పోలా అని ఒకప్పుడు నేనూ అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోను. ఎందుకో చెప్తాను.

రెండేళ్ళ కిందట, సంక్రాంతి వెళ్ళిన వారంలో, మా పిన్ని కొడుకు శ్రీకాకుళం జిల్లా నుంచి ఇక్కడికి బయల్దేరాడు. ఐటీఐ ఫిట్టర్ చేశాడు. ఇక్కడో ఫ్యాక్టరీలో ట్రైనీగా తీసుకుంటామన్నారు. బయల్దేరే ముందు ఫోన్‌లో హైదరాబాద్ అని కొట్టి చూశాడు. తెల్లవారుజామున 16 అని చూపించింది. "మన ఊళ్ళోనూ ఇంచుమించు అంతే కదా అన్నయ్యా" అన్నాడు. నేనూ సరేలే అన్నాను. అక్కడే పొరపాటు జరిగింది.

బస్సు వాణ్ణి నాలుగున్నరకి పటాన్‌చెరులో హైవే పక్కన దింపేసింది. రాత్రంతా ఏసీలో వచ్చాడు, ఒంటి మీద పొట్టి చేతుల చొక్కా. నేను నైట్ షిఫ్టులో ఉన్నాను, ఆరున్నర దాకా గేటు దాటలేను. ఆ రెండు గంటలూ మూసి ఉన్న షాపు మెట్ల మీద కూర్చున్నాడు. టీ కొట్టు తెరిచాక పొయ్యి పక్కకి చేరాడట. నేను వెళ్ళేసరికి మాట తడబడుతోంది. మర్నాటికి జ్వరం. మెడికల్ చెకప్‌లో జ్వరం చూసి, తగ్గాక రమ్మన్నారు. తగ్గి వెళ్ళేసరికి ఆ బ్యాచ్ నిండిపోయింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు వేరేచోట కాంట్రాక్టర్ దగ్గర హెల్పర్‌గా చేశాడు. ఒక్క స్వెట్టర్, అంతే. మా పిన్ని ఇప్పటికీ అంటుంది, "నువ్వైనా చెప్పలేదేంట్రా" అని.

ఫోన్ అబద్ధం చెప్పలేదండీ. అది చెప్పింది వేరే చోటి సంగతి. హైదరాబాద్ ఉష్ణోగ్రత అని మనం వార్తల్లో వినేది చాలావరకు బేగంపేటది. చుట్టూ బిల్డింగులు, తారు రోడ్లు. పగలు పీల్చుకున్న వేడిని కాంక్రీటు రాత్రంతా మెల్లగా వదులుతూ ఉంటుంది. మన వైపు అలా కాదు. పటాన్‌చెరు పక్కనే ఇక్రిశాట్ ఉంది కదా, 1972లో పెట్టిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద పని చేస్తారు. దాని భూమే సుమారు 1,400 హెక్టార్లు. పొలాలు, చెరువులు, చెట్లు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే ఆ నేల వేడి నేరుగా పైకి పోతుంది, తెల్లారేసరికి నేల చల్లబడిపోతుంది. డిసెంబర్, జనవరిలో పేపర్ చూడండి, నగరానికి ఒక అంకె ఉంటుంది, పటాన్‌చెరుకి విడిగా ఇంకో అంకె ఉంటుంది. రెంటికీ మూడు నాలుగు డిగ్రీల తేడా మామూలే. చలి ముదిరిన రోజుల్లో ఇక్కడ పదికి లోపలే ఉంటుంది. ఇంకా పైకి జహీరాబాద్ దారిలో కోహీర్ ఉంది, మన సంగారెడ్డి జిల్లానే, అక్కడ ఐదు డిగ్రీల లోపు కూడా నమోదైంది.

అందుకని ఫోన్‌లో 'హైదరాబాద్' అని కాకుండా 'పటాన్‌చెరు' అనో 'సంగారెడ్డి' అనో కొట్టి చూడండి. పగటి అంకె కాదు, తెల్లవారుజామున ఐదు గంటల అంకె చూడండి. మీరు బస్సు దిగేది అప్పుడే, షిఫ్టు బస్సు కోసం రోడ్డు మీద నిలబడేదీ అప్పుడే. మధ్యాహ్నం అదే రోజు 28, 29 ఉంటుంది, స్వెట్టర్ విప్పి చేతిలో పట్టుకుని తిరుగుతారు. ఇక్కడి చలికాలం తమాషా అదే.

నవంబర్ నడిమి నుంచి ఫిబ్రవరి దాకా వచ్చేవాళ్ళకి చెప్తున్నాను. నిండు చేతుల స్వెట్టర్ ఒకటి, చెవులు కప్పే మంకీ క్యాప్ లేకపోతే మఫ్లర్, సాక్సులు రెండు మూడు జతలు. బైక్ మీద వెళ్ళేవాళ్ళైతే గాలి దూరని జర్కిన్ తప్పదు. ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు కింద నుంచి పొద్దున్నే బండి మీద వెళ్ళి చూడండి, స్వెట్టర్ అల్లికలోంచి గాలి లోపలికొచ్చేస్తుంది. కొన్ని రోజులు పొగమంచు కూడా ఉంటుంది, హైవే మీద ముందున్న లారీ కనపడదు. రగ్గు మాత్రం మోసుకురాకండి. బరువు. ఇక్కడ రోడ్డు పక్కనే చలికాలం కొట్లు పెడతారు, బేరమాడి కొనుక్కోవచ్చు. కానీ మొదటి రాత్రికి ఒక మందపాటి దుప్పటి బ్యాగులో ఉండాలి, ఎందుకంటే చాలా రూములు రేకులవి. వేసవిలో పొయ్యిలా ఉండే ఆ రేకు, జనవరిలో ఐసులా ఉంటుంది.

కోస్తా నుంచి వచ్చేవాళ్ళకి తెలియనిది ఇంకోటి ఉంది, పొడి గాలి. సముద్రం పక్కన ఒళ్ళు ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఇక్కడ వారం తిరక్కముందే పెదాలు పగులుతాయి, మడమలు పగులుతాయి. వ్యాసలైన్ డబ్బా తెచ్చుకోండి. మన కొబ్బరి నూనె పొద్దున్నే సీసాలో గడ్డకట్టి ఉంటుంది, కల్తీ అనుకోకండి, ఎండలో పెడితే కరుగుతుంది. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు షాపువాడితో గొడవే పెట్టుకుంది.

ఆయాసం, ఆస్తమా ఉన్నవాళ్ళు ఈ మాట జాగ్రత్తగా వినండి. ఇది ఫ్యాక్టరీల ప్రాంతం. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఎటు చూసినా పరిశ్రమలే, మందుల కంపెనీలే చాలా. చలికాలం రాత్రి చల్లటి బరువైన గాలి కిందే ఉండిపోతుంది, దాని మీద మూత పెట్టినట్టు వెచ్చటి గాలి నిలబడుతుంది. పొగ, వాసన పైకి పోవు. అందుకే వేసవిలో అంతగా తెలియని వాసన జనవరిలో అర్ధరాత్రి దాటాక ముక్కుకి కొడుతుంది. ఎండెక్కాక, తొమ్మిది గంటలకి అటూ ఇటూగా, తేలిపోతుంది. ఇన్‌హేలర్ వాడేవాళ్ళు అది పెట్టెలో అడుగున కాదు, జేబులో పెట్టుకుని రండి. వాకింగ్ అలవాటుంటే పొద్దెక్కాక వెళ్ళండి.

'శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది' అంటారు కదా, ఇక్కడ అది దాదాపు నిజం. మార్చి నుంచి వేడి మొదలు. ఏప్రిల్, మేలో 40 దాటుతుంది. అయితే ఈ వేడి విశాఖ ఉక్కపోత లాంటిది కాదు. చెమట పట్టినట్టే ఉండదు, పట్టినా వెంటనే ఆరిపోతుంది. అందుకే మనకేం కాలేదనుకుంటాం. నీళ్ళు తాగం. సాయంత్రానికి తలనొప్పి, వాంతులు. రోహిణి కార్తె వచ్చేసరికి ఊళ్ళో అందరూ తలకి తువాలు చుట్టుకునే తిరుగుతారు, మీరూ సిగ్గుపడకండి. నూలు తువాళ్ళు రెండు, లీటరు నీళ్ళ సీసా, ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు. తెల్లటి నూలు చొక్కాలు. ఏప్రిల్, మేలో ఒక్కో సాయంత్రం హఠాత్తుగా గాలివాన, వడగళ్ళు కూడా పడతాయి, ఆ టైమ్‌లో చెట్టు కింద, హోర్డింగు కింద నిలబడొద్దు.

వానాకాలం జూన్ రెండో వారానికి అటూ ఇటూగా మొదలవుతుంది. జూలై, ఆగస్టుల్లో ముసురు. గొడుగు కంటే రెయిన్‌కోటు మేలు, ఇక్కడి గాలికి గొడుగు తిరగబడిపోతుంది. సర్టిఫికెట్లు మాత్రం ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, ఆ కవర్‌ని ఇంకో కవర్‌లో పెట్టండి. దసరాకి వస్తున్నాం, వానలైపోయాయి కదా అనుకుంటారు కొందరు. 2020 అక్టోబర్ 13 గుర్తుందా? వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది ఆ పొద్దున, రాత్రికి హైదరాబాద్ మునిగింది. అక్కడ మన తీరంలో తుఫాను హెచ్చరిక ఉందంటే, ఇక్కడికి ప్రయాణం ఒకరోజు వాయిదా వేసుకోగలిగితే వేసుకోండి.

ఇక ఇంటర్వ్యూకో, ట్రైనింగుకో ఫ్యాక్టరీ లోపలికి వెళ్ళేవాళ్ళు. ఏ కాలమైనా సరే, ఒక జత నిండు ప్యాంటు, నిండు చేతుల నూలు చొక్కా, ముందు మూసి ఉన్న బూట్లు ఉండాలి. రసాయనాల ప్లాంటులో పాలిస్టర్, నైలాన్ బట్టలు వద్దంటారు, రాపిడికి నిప్పురవ్వ పుట్టొచ్చు, మంట తగిలితే ఒంటికి అంటుకుపోతాయి. చెప్పులతో వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. చలికి వేసుకున్న స్వెట్టర్ కూడా సింథటిక్ అయితే లోపలికి తీయించొచ్చు, అందుకని లోపల నూలు బనియను వేసుకోండి.

రైల్లో వచ్చేవాళ్ళు సికింద్రాబాద్ దాకా వెళ్ళి తిరిగి రావక్కర్లేదు. గౌతమి, నారాయణాద్రి లాంటివి లింగంపల్లి దాకా వస్తాయి, అక్కణ్ణించి పటాన్‌చెరు బస్సులో దగ్గరే. బస్సులో వచ్చేవాళ్ళు డ్రైవర్‌ని ముందే అడగండి, దింపేది ఎక్కడ, ఎన్నింటికి అని. మీకోసం వచ్చేవాళ్ళకి ఆ టైమ్ చెప్పండి.

మా తమ్ముడికి ఇప్పుడు ఇక్కడే పర్మనెంట్ అయింది. కిందటి డిసెంబర్‌లో వాడి స్నేహితుడు ఊరి నుంచి వస్తుంటే ఫోన్‌లో చెప్తున్నాడు, "స్వెట్టర్ పెట్టెలో పెట్టకురా, పెట్టె బస్సు డిక్కీలో ఉంటుంది. ఒళ్ళో పెట్టుకో" అని. నేను చెప్పిన వాటిల్లో అది లేదు, రాసుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో మెస్సులు, క్యాన్ నీళ్ళ సంగతి చూద్దాం. ఉంటానండీ.