గీజరునందలి కనబడని దోషము



చలిదేశములలో పెక్కిండ్లయందు నీరు ఒక్కచోట కాగి, గొట్టముల గుండ గదిగదికిని పోయి, ఇల్లంతయు వెచ్చపఱచును. మన బంగారుపాళ్యమున ఇల్లు కాచుకొనవలసినంత చలి లేదు. కాని మార్గశిర పుష్యమాసములందు తెల్లవాఱుజామున చన్నీళ్ల స్నానము వృద్ధులకు సుకరము గాదు. మామిడితోపులలోని యెండుకొమ్మలు తెచ్చి రాగి అండా క్రింద మంట వేసిన దినములు మీలో పెక్కురకు జ్ఞప్తియందుండును. ఇప్పుడు స్నానపుగది గోడకు గీజరు వ్రేలాడుచున్నది. పొయ్యి సరిగా మండనిచో పొగ కనబడును. గీజరు చెడినచో కంటి కేమియు కనబడదు.

గడచిన చలికాలమున మా యింట జరిగిన సంగతి చెప్పెదను. గీజరు మీట వేసిన పది నిమిషములకు ఇంటిలోని కరెంటంతయు పోవుచుండెను. మీటరు ప్రక్కపెట్టెలోని రక్షకమీట, అనగా ఆర్.సి.సి.బి., పడిపోవుచుండెను. చూడవచ్చిన మెకానిక్కు, "నీళ్లు బాగుగనే కాగుచున్నవి. ఈ మీటయే చెడినది. దీనిని తప్పించి తీగె నేరుగా కలిపెదను" అనెను. అట్లు చేసియున్నచో కరెంటు పోకుండెడిదే. నేనో నా మనుమడో పోయియుందుము.

ఆ రక్షకమీట చేయుపని యేమనగా, ఫేజు తీగెలో వచ్చిన విద్యుత్తంతయు న్యూట్రలు తీగెలో తిరిగి పోవుచున్నదా యని అనుక్షణము సరిచూచుట. లోటు కనబడెనా, ఆ విద్యుత్తు మఱియొక దారిని, ఎర్తు తీగె గుండనో మనిషి దేహము గుండనో, భూమికి పోవుచున్నదన్నమాట. ఇండ్లలో సాధారణముగా వాడునది ఆ లోటు 30 మిల్లీ ఆంపియర్లు మించకుండ తెంచివేయును. 2000 వాట్ల గీజరునకు సుమారు 9 ఆంపియర్లు కావలయును. అందులో ఇది మూడువందలవ వంతు. కరణములున్న కాలమున సయితము ఇంత చిన్న లోటును పట్టిన కరణమును నేనెఱుగను! దాని ప్రక్కనుండు ఎం.సి.బి. వేఱు, అది అతిభారమునకును, తీగెలు ఒకదానితో నొకటి కలిసికొన్నప్పుడును పడును. కావున పడినది ఏదో చూచుటయే నిదానమున మొదటి పని.

ఇక లోటు ఎక్కడనుండి వచ్చెను? గీజరు లోపల నీరు కాచు కడ్డీ యొకటి కలదు. పైన రాగి గొట్టము, నడుమ నిక్రోము తీగెచుట్ట, రెంటి మధ్య గట్టిగా దట్టించిన మెగ్నీషియా పొడి. ఆ పొడి వేడిని పోనిచ్చును, విద్యుత్తును పోనీయదు; కాని పొడిగా నున్నంతవఱకే. బోరునీరు కఠినజలమైనచో కడ్డీపై సున్నపుపెచ్చు కట్టును. వేడి లోపలనే నిలిచి గొట్టము పగులును. తేమ పొడిలోనికి దిగును. చల్లగా నున్నప్పుడు పగులు మూసికొనియుండి, వేడెక్కిన పిమ్మట విచ్చుకొనుటయు కలదు. మా యింటి పది నిమిషముల రహస్యమిదియే.

ఒక చిత్రము వినుడు. గీజరు మీట ఆర్పినను రక్షకమీట పడుట కలదు. సామాన్యపు మీట ఫేజును మాత్రమే తెంచును. న్యూట్రలు కలిసియే యుండును. కావున ప్లగ్గు ఊడబెఱికి చూడవలయును. అప్పుడును పడుచున్నచో దోషము వేఱొకచోట వెదకుడు. టెస్టరును మాత్రమే నమ్మరాదు. గీజరు మీట వేసియుండగా న్యూట్రలు తీగెయందును దీపము వెలిగినచో, ఆ తీగె వెనుక నెక్కడనో తెగినదని అనుమానింపవలయును.

నీరు ఆలస్యముగా కాగుట ప్రతిసారియు దోషము గాదు. 230 వోల్టులున్నప్పుడు 15 లీటర్లు 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు చేరుటకు సుమారు 18 నిమిషములు పట్టును. లైను చివరి యిండ్లలో వోల్టేజి 180కి దిగినచో అదే నీటికి అరగంట పట్టును.

మూత విప్పి చూచుట మన పని గాదు. మెయిను ఆర్పించి, తెలిసినవానిచేత చూపింపుడు. మేము పిలిచిన రెండవ మెకానిక్కు మొదట కడ్డీ రెండు కొనల నడుమ కొలిచెను. 26 ఓములు. అది సరియైన లెక్కయే; అందుచేతనే నీరు కాగుచుండెను. పిమ్మట మెగ్గరుతో 500 వోల్టులు పెట్టి, కొనకును పైగొట్టమునకును నడుమ కొలిచెను. ఒక మెగోమైనను ఉండవలసినచోట సూది సున్నకు వాలినది. కడ్డీ మార్చితిమి. పాత కడ్డీపై పగులు వెండ్రుకవాసి యున్నది.

మా వీధిలోనే మఱియొక యింట కుళాయి ముట్టినప్పుడెల్ల చేయి జివ్వుమనుచుండెను. వారింట రక్షకమీట లేదు, ఎర్తు తీగెయు లేదు. తడిచేతి గుణమని వారు నవ్వుకొనుచుండిరి. ఆ దినముననే ఆ గీజరు ప్లగ్గు తీయించితిమి. కడ్డీ మార్చి, రక్షకమీట బిగించి, పెరటిలో గుంత త్రవ్వించి, బొగ్గును ఉప్పును వేసి ఎర్తు కలిపిన పిమ్మటనే దానిని మరల వాడనిచ్చితిమి. వేసవిలో నేల యెండినచో ఎర్తు పనిచేయదని చెప్పగా, ఆ గుంతలో బిందెడు నీరు పోయుట ఆ యింటి అవ్వ తన పనిగా పెట్టుకొన్నది.